సాల్మన్ ఎనిమిదో తీగె

సాల్మన్ గురించి రాయాలంటే ముందు మా పొలం కాడి ట్రాన్స్‌ఫార్మర్ గురించి రాయాలి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ గురించి రాయాలంటే నా గురించి రాయక తప్పదు. కాబట్టి మొదలు నా గురించే కానిస్తాను, ఎవరూ వేరేగా అనుకోవద్దు.

నా పేరు తిమ్మప్ప. రొళ్ల పక్క పల్లెలో పుట్టి, ఐదు తరగతులూ ఒకే గదిలో కూర్చునే బడిలో చదివినాను. మా పల్లెలో పదో తరగతి ఒక్క ఏడాదిలో గట్టెక్కిన మొదటి మనిషిని నేనే. కరెంటు డిపార్ట్‌మెంటులో స్తంభాలకు గుంతలు తవ్వే హెల్పరుగా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా దిగినాను. ముప్పై ఎనిమిదేండ్ల సర్వీసు. నాలుగు వేల పైచిలుకు స్తంభాలు నిలబెట్టినాను. రామగిరి గుట్టల పక్క పదకొండు పల్లెల్లో మొదటి బల్బు నా చేత్తోనే వెలిగింది. గాలివానకు కనగానపల్లి లైను పండుకుంటే ఇరవై రెండు గంటల్లో లేపి నిలబెట్టి, జనవరి ఇరవై ఆరున ప్రశంసాపత్రం తీసుకున్నాను. ఆ పత్రం ఇప్పటికీ మా నడవలో ఉంది. ఫ్రేమును చెదలు తిన్నాయి గానీ పత్రాన్ని ముట్టుకోలేదు.

రిటైరు కాకముందే పెనుకొండ బయట మూడెకరాల పొలం కొని, దాంట్లోనే ఇల్లు కట్టుకున్నాను. ఆడ అప్పటికి కరెంటు లేదు. నేనే రాసి, నేనే తిరిగి, బోరు మోటర్లకని ఒక ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించినాను. దాని మీదనే మా ఇంటికీ, రెండు వందల అడుగుల అవతల ఉన్న ముత్యాలమ్మ ఇంటికీ దీపాలు ఇప్పించినాను. ముత్యాలమ్మ కూలికి పోయి బతికిన మనిషి. ఆమె కొడుకే సాల్మన్. వాళ్లింట్లో లైటు వెలిగిన సాయంత్రం ఆమె నాకు దండం పెట్టింది. ఈ సంగతి కూడా నా ఘనతల్లో రాసుకున్నాను. దీన్ని ఎందుకు రాసుకోకుండా ఉండాల్సిందో తర్వాత చెప్తాను.

ఇప్పుడు సాల్మన్ సంగతి. వాళ్ల నాయన హిందూపురంలో మిల్లు పనికి పోతుండేవాడు. వస్తూ వస్తూ ఒకసారి మూడు తీగెలే మిగిలిన పాత గిటారు తెచ్చి కొడుకు చేతికిచ్చినాడు. తక్కిన మూడు తీగెలకు దుడ్లు యాడివి అని, స్కూటరు క్లచ్ వైరు పోగులు విప్పి బిగించినాడంట పిల్లోడు. వేళ్లు తెగినాయి, వాయించడం మాత్రం వచ్చింది. పదిహేనేండ్లకే పెనుకొండలో వాళ్ల చర్చిలో పాటలకు గిటారు పట్టుకుని నిలబడినాడు. ఎడమ పక్క, రెండో కిటికీ కింద. అదే వాడి తావు. ధర్మవరంలో ఐటీఐ చదివేటప్పుడు కూడా శనివారం సాయంత్రం బస్సెక్కి వచ్చి ఆదివారం ఆ తావులో నిలబడేవాడు. పదిహేడేండ్లలో మూడు ఆదివారాలే తప్పినాయని ముత్యాలమ్మ లెక్క చెప్తుంది. రెండుసార్లు జ్వరం, ఒకసారి పెండ్లి. పెండ్లి అయింది ముందు రోజే గానీ, ఆ ఆదివారం చుట్టాలు వాణ్ని వదల్లేదు.

ఐటీఐ అయినాక సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటరుగా నా చేతి కిందికే వచ్చినాడు. పని నేర్పింది నేనే. గంట గంటకూ మీటరు చూసి ఓల్టేజీ రిజిస్టరులో రాయడం నేర్పినా. రైతులు ఫోన్ చేసి "కరెంటు డల్‌గా ఉండాది" అంటే ఏం చెప్పాలో కూడా నేర్పినా.

"మొదట నువ్వు అడగాల్సింది ఒకటే అబ్బోడా. 'ముందు నీ మోటరు మెకానిక్‌కు చూపించుకున్నావా?' అని అడుగు. సగం మంది ఆడికే ఫోన్ పెట్టేస్తారు."

"తక్కిన సగం సార్?"

"వాళ్లకు మీటరు చదివి వినిపించు. ఈడ మీటరు ఎప్పుడూ బాగానే ఉంటాది."

అది నిజమే. సబ్‌స్టేషన్ కాడ మీటరు ఎప్పుడూ బాగానే ఉంటుంది. లైను తోక కాడ ఎట్లుంటుందో తెలుసుకునే పని రిజిస్టరులో లేదు.

ఒక పొద్దు ఇన్‌స్పెక్షనుకు పోతే వీడు రిజిస్టరు పక్కన పెట్టి, గిటారు ఒళ్లో పెట్టుకుని, యార్డులో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనే చప్పుడుకు తీగె శ్రుతి చేసుకుంటున్నాడు. తిట్టినాను. "మా శ్రుతి పెట్టె రిపేరులో ఉండాది సార్, ఇది ఎప్పుడూ తప్పదు" అన్నాడు. డిపార్ట్‌మెంటు సామాన్ని ఇట్లా మెచ్చుకున్న ఉద్యోగిని నా సర్వీసులో ఇంకొకణ్ని చూడలేదు. అందుకని మెమో ఇవ్వలేదు.

వాళ్ల చర్చిలో బేస్ గిటారు వాయించే రామాంజి అని ఒక పిల్లోడుండేవాడు. పాటల మీద ఇష్టంతో వచ్చేవాడు. పోయినేడు బెంగుళూరులో పని దొరికి పోయినాడు. కింది స్వరం పట్టేవాడు లేడు. సాల్మన్ ఆలోచించి, ఇద్దరి పనీ తానే చేస్తానని ఎనిమిది తీగెల గిటారు సెకండ్ హ్యాండులో కొన్నాడు. మామూలు గిటారుకు ఆరు తీగెలే. దీనికి కింది స్వరాలకని ఇంకా రెండు లావు తీగెలు, మెడ నా అరచెయ్యంత వెడల్పు.

"ఇది గిటారా, మగ్గమా?" అన్నది మా ఇంటామె కౌసల్యమ్మ.

"రెండు మనుషుల పని చేస్తాది అమ్మా," అన్నాడు సాల్మన్.

"నేనూ చేస్తాండా. నాకి ఎవురూ తీగెలు ఎక్కించలా."

చేసే పని రెండింతలైంది గానీ చప్పుడు కలగాపులగమైంది. ఎనిమిదో తీగె మీటితే స్వరం కాకుండా ఒక గురగుర వచ్చేది. నెల ఓర్చుకున్నారు. ఒక ఆదివారం ఆరాధన అయినాక సంఘ పెద్ద ఆశీర్వాదం గారు సాల్మన్‌ను నిలబెట్టినారు. ఆయన రిటైరైన పంతులు. తప్పు లెక్కకు మార్కులు వెయ్యడం ఆయన వల్ల కాదు.

"సాల్మనూ, పాటలో మాట ఒక్కటి వినపడలేదు. బోరులో ఇసక పడిన మోటరు మాదిరి ఉండాది నీ వాయిద్యం. వచ్చే ఆదివారం దాకా చూస్తా. అప్పుడూ ఇట్లనే ఉంటే గిటారు ఇంట్లో పెట్టి వచ్చి బెంచీ మీద కూర్చో. పాటలకు కీబోర్డు చాలు."

"అయ్యా, పదిహేడేండ్ల నుంచి..."

"పదిహేడేండ్లు బాగుండె. నేను మాట్లాడేది ఈ నెల గురించి."

ఆ మధ్యాన్నం సాల్మన్ అన్నం తినలేదని ముత్యాలమ్మ మా ఇంటికొచ్చి చెప్పింది. "వాడు ఉద్యోగం పోయినా తిని పండుకుంటాడన్నా. ఆ కిటికీ కింద తావు పోతే ఏం చేస్తాడో నాకి తెలీదు," అన్నది. నేనేమో, కరెంటుకు సంబంధించిందేదైనా సరే నన్ను దాటి పోదు అని ధైర్యం చెప్పినాను.

సాల్మన్‌ను పిలిపించి అసలు రోగం ఏందని అడిగినాను. వాడు విప్పి చూపించినాడు. గిటారు తీగెలు పోయి కట్టుకునే మెట్టును బ్రిడ్జి అంటారు. దాని పక్కన, తీగెల కింద, అగ్గిపెట్టెలు రెండు పొడుగ్గా జతచేసినట్టు ఒక నల్ల పెట్టె ఉంటుంది. అది పికప్. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు. పైన తీగె ఊగితే చుట్టలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటే ఆంప్లిఫయరుకు పోయి పాటవుతుంది. చుట్ట ఒకటే ఉంటే ఇంటి వైరింగులో ఉండే గుయ్యిమనే చప్పుడును కూడా పట్టేస్తుంది. అందుకని ఒకదానికొకటి ఎదురుగా రెండు చుట్టలు పెడతారు. ఒకటి పట్టిన గుయ్యిని ఇంకొకటి కొట్టేస్తుంది. దాన్ని హంబకర్ అంటారంట.

"ఒరే, ఇది మా డిపార్ట్‌మెంటు వస్తువే కదరా," అన్నాను. నా సంతోషం అట్లాంటిది.

హిందూపురంలో గిటార్లు రిపేరు చేసే చంద్రశేఖర్ అనే స్నేహితుడు వాడికి ఉన్నాడు. సోమవారం ఆయన రెండు హంబకర్లిచ్చి, ఏదో ఒకటి ఉంచుకుని రెండోది శనివారం తెచ్చివ్వమన్నాడు. ఒకటి ఎక్కువ చుట్లది, గట్టిది. ఇంకొకటి తక్కువ చుట్లది. "లావు తీగెలకు బలం ఒకటే చూసుకోవద్దు. ఏ తీగెకా తీగె విడిగా పలకాలి" అని కూడా చెప్పి పంపినాడు. ఆ మాట సాల్మన్ నాకు చెప్పినప్పుడు నేను మల్టీమీటరు వెతుకుతున్నాను.

మీటరు పెట్టి చూస్తే ఎక్కువ చుట్లది పదహారు కిలో ఓములు, తక్కువ చుట్లది తొమ్మిది. నాకు ఇంకేం కావాల.

"పదహారే," అన్నాను.

"వాయించి చూద్దాం సార్."

"వాయించు. పదహారే వస్తాది."

మంగళవారం సాయంత్రం మా వసారాలో పదహారును నేనే సోల్డరింగు చేసి బిగించినాను. వాళ్లింట్లో చిన్న ఆంప్లిఫయరుకు తగిలించి సాల్మన్ ఎనిమిదో తీగె మీటినాడు. ముత్యాలమ్మ గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. కోళ్లు గంప కిందికి దూరినాయి. మరుసటి రోజు పొద్దున వాడు నైట్ షిఫ్టు దిగి వచ్చినాక, పదహారు తీసి తొమ్మిదిని బిగించినాం. అదే ఇల్లు, అదే ఆంప్లిఫయరు, అదే చెయ్యి. మీటితే ముసలోని దగ్గు మాదిరి వచ్చింది. గట్టిగా మీటితే లోపల ఏదో బుర్రున చిరిగింది.

"ఏమంటివబ్బా?" అన్నాను.

సాల్మన్ తల గోక్కున్నాడు. "చంద్రశేఖర్ తప్పు చెప్పే మనిషి కాదు సార్."

"ఆయన గిటార్లు చూసినాడు, నేను కరెంటు చూసినా. నాలుగు వేల స్తంభాలు."

నాలుగు వేల స్తంభాలకు ఎదురు చెప్పే అలవాటు వాడికి లేదు. పదహారునే మళ్లీ బిగించినాం.

శుక్రవారం సాయంత్రం చర్చిలో ప్రాక్టీసు. నేను పోలేదు. పోయొచ్చిన సాల్మన్ గిటారు గోడకు ఆనించి మా మెట్ల మీద కూర్చున్నాడు. ఇంట్లో ఒక్కడే వాయిస్తే బలంగా వినపడింది, ఆడ పెద్ద స్పీకర్లలో, పాటల వాళ్ల గొంతుల మధ్య, పాటకు అడ్డంగా పడిన గోడ మాదిరి ఉండిందంట. ముందు గురగుర, ఇప్పుడు ఉరుము. మాట మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

"ఆశీర్వాదం గారు ఏమన్నారు?"

"బెంచీ తుడిపించినారు సార్."

"తొమ్మిదిది చూస్తే..."

"దాన్ని చూసినాం కదా సార్. అది ఇంకా అన్యాయం." "రేపు పొద్దున హిందూపురం పోయి దాన్ని ఇచ్చేసి వస్తా. ఆదివారం బెంచీ మీదనే కూర్చుంటా. ఎనిమిది తీగెలు కొన్నదే నా తప్పు."

నేను మల్టీమీటరు తీసి పికప్‌కు మళ్లీ ఒకసారి పెట్టి చూసినాను. అది పదహారే చూపించింది.

శనివారం పొద్దున తొమ్మిది దాటింది. సాల్మన్ బస్సెక్కి పోయినాడు. కౌసల్యమ్మ వంటింట్లో గ్రైండరులో ఇడ్లీ పిండి వేసింది. రాళ్లు ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ తిరుగుతున్నాయి. నేను వసారాలో మల్టీమీటరు వైర్లు చుట్టి పెట్టుకుంటూ, ఆ తొమ్మిది కిలో ఓముల పికప్ ఎంత పనికిమాలినదో ఆమెకు వివరంగా చెప్తున్నాను.

"బుధవారం పొద్దున వాయిస్తే ఎట్లా ఏడ్చినాదో నువ్వు వినలేదు," అన్నాను.

"విన్నాలే. ఇదో, ఈ గ్రైండరు మాదిరే ఏడ్చింది," అన్నది. "ప్రతి పొద్దూ మోటర్లు ఏసే టయానికి ఏడుస్తాది, సాయంత్రం ఏస్తే గిరగిరా తిరుగుతాది. పదేండ్లుగా చెప్తాండా. దీనికీ పికప్ మారుస్తావా?"

చుడుతున్న వైరు చేతిలోనే ఆగిపోయింది.

మా ట్రాన్స్‌ఫార్మర్ మీద మొదట నేను ఆరు మోటర్లకే రాసినాను. ఇప్పుడు పంతొమ్మిది. పొద్దున ఎనిమిదికి బోర్లకిచ్చే త్రీఫేజ్ కరెంటు వస్తే అన్నీ ఒకేసారి ఎత్తుకుంటాయి, సాయంత్రం ఐదుకు ఆగుతాయి. మేం పదహారును వాయించింది సాయంత్రం. తొమ్మిదిని వాయించింది పొద్దున. వారం రోజులు మల్టీమీటరు చేతిలో పెట్టుకుని తిరిగినాను. పికప్‌లకు పెట్టినాను, తీగెలకు పెట్టినాను, ఊరికే ఉండలేక బ్యాటరీ లైటుకు కూడా పెట్టినాను. గోడలో ప్లగ్గుకు మాత్రం పెట్టలేదు.

లేచి పెట్టినాను. నూట అరవై ఎనిమిది. ఉండాల్సింది రెండు వందల ముప్పై. ఆ పొద్దు దగ్గింది పికప్ కాదు, కరెంటు చాలని ఆంప్లిఫయరు.

ముత్యాలమ్మ నాకు దండం పెట్టింది ఈ కరెంటుకే. నా సర్వీసులో కొన్ని వందల మంది రైతులు ఇదే ఓల్టేజీ గురించి నాతో మొత్తుకున్నారు. అందరికీ నీ మోటరే చెడిపోయిందని చెప్పి పంపినాను. ఆ పికప్‌కు కూడా అదే చెప్పినాను. అది రైతు కాదు గాబట్టి ఎదురు మాట్లాడలేదు, అంతే తేడా.

సాల్మన్‌కు ఫోన్ చేసినాను.

"యాడున్నావు?"

"సోమందేపల్లి దాటబోతాండా సార్."

"దిగు."

"ఏంటికి సార్?"

"దిగి ఎదురు బస్సెక్కు. ఆ పికప్‌ను ఎవురికీ ఇయ్యొద్దు."

వాడు వచ్చేసరికి పదకొండైంది. ప్లగ్గులో మీటరు చూపించినాను. వాడు మీటరు వైపు చూసినాడు, నా వైపు చూసినాడు. ఎనిమిదేండ్లుగా గంట గంటకూ ఓల్టేజీ రాసే చెయ్యి వాడిది. సబ్‌స్టేషన్‌లో రాసింది తన ఇంటికి కూడా వర్తిస్తుందా లేదా అని వాడూ ఎప్పుడూ చూసుకోలేదు.

"మనిద్దరం కలిసి నలభై ఆరేండ్ల సర్వీసు సార్," అన్నాడు మెల్లగా.

"ఆ సంగతి చర్చిలో చెప్పొద్దు."

తొమ్మిదిని బిగించి పెట్టుకుని, వాళ్లింట్లో ఐదు ఎప్పుడైతుందా అని కూర్చున్నాం. పొలాల్లో మోటర్లు ఒక్కొక్కటీ ఆగినాయి. మీటరు రెండు వందల ఇరవై ఎనిమిదికి ఎక్కింది. అయినా కౌసల్యమ్మ, "ఆగండి, చూసి చెప్తా" అని పోయి మా ఇంట్లో గ్రైండరు ఒకసారి వేసి, "ఊ, ఇప్పుడు వాయించుకో" అని ఆడి నుంచే కేకేసింది.

సాల్మన్ ఎనిమిదో తీగె మీటినాడు. గ్లాసులు కదల్లేదు. ఒక స్వరం వచ్చింది, మొదలూ చివరా ఉండే స్వరం. దాని మీద ఏడోది, దాని మీద ఆరోది. మూడు కలిపి మీటినా మూడు మూడుగానే వినపడినాయి. ముత్యాలమ్మ గడప మీద కూర్చుని వింటా ఉండింది. "ఇప్పుడు అర్థమైతాంది," అన్నది. పాటలో మాటే పాడలేదు వాడు, వాయించినాడంతే. ఆమెకు అర్థమైంది.

తర్వాత అదే కరెంటులో పదహారును కూడా పెట్టి చూడమని నేనే అన్నాను. నాకోసం. పెట్టినాడు. కోళ్లు మళ్లీ గంప కిందికి పోయినాయి. తీసేయమన్నాను.

ఆదివారం నేనూ చర్చికి పోయినాను. చెప్పులు బయట వదిలి వెనక బెంచీలో కూర్చున్నాను. ముందు వరసలో ఒక బెంచీ చివర తావు ఖాళీగా ఉంది, శుభ్రంగా తుడిచి ఉంది. సాల్మన్ రెండో కిటికీ కింద గిటారు తగిలించుకుని నిలబడినాడు. ఎనిమిదో తీగె శ్రుతి రెండుసార్లు చూసుకున్నాడు. పాట మొదలైంది. ఆశీర్వాదం గారు పుస్తకం మూసి, కండ్లు మూసి, తల ఒక పక్కకు వంచి విన్నారు. మొదటి చరణమంతా అట్లనే ఉన్నారు. నలభై మంది గొంతులూ వినపడినాయి. ఆ గొంతుల కింద, వాటిని మోస్తున్నట్టు, ఒక్క లావు స్వరం నడిచింది. రెండో చరణంలో ఆయన కండ్లు తెరిచినారు.

ఆరాధన అయినాక సాల్మన్‌ను పిలిచినారు. నేనూ పక్కకు పోయి నిలబడినాను, ఎందుకైనా మంచిదని.

"ఈ వారం మాట వినపడినాది," అన్నారు. "వినపడినాక తెలిసినాది, రెండో చరణం సగం మందికి రాదని. ఈ నెలంతా నీ గిటారు చాటున దాక్కున్నారు. వచ్చే వారం నుంచి అందరికీ ప్రాక్టీసు."

"మరి నేను అయ్యా?"

"నువ్వేంది? నీ తావులో నువ్వుండు." పోబోయి ఆగి, గిటారు వైపు వేలు చూపించినారు. "ఈ పెట్టె ఏదో మార్చినావంట. ఎవురు ఏరినారు?"

సాల్మన్ నా వైపు చూసినాడు. నేను చొక్కా సర్దుకున్నాను.

"సార్ వాళ్లింట్లో గ్రైండరు అయ్యా," అన్నాడు.

ఆశీర్వాదం గారు నన్ను పైనుంచి కిందికి చూసి, మీరు కూడా వారం వారం రండి అన్నారు.

సోమవారం పొద్దున సబ్‌స్టేషనుకు నడిచి పోయినాను. సాల్మన్ షిఫ్టులో ఉన్నాడు. ఎదురు కుర్చీలో కూర్చుని, లో ఓల్టేజీ కంప్లైంటు రాసుకోమన్నాను. ముప్పై ఎనిమిదేండ్లు ఆ రిజిస్టరుకు ఇవతల పక్క కూర్చోవడం నాకు తెలియదు. కుర్చీ ఒక కాలు పొట్టిదని కూడా అప్పుడే తెలిసింది.

సాల్మన్ రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి, మొహం మామూలుగా పెట్టుకుని అడిగినాడు.

"ముందు మీ గ్రైండరు మెకానిక్‌కు చూపించుకున్నారా సార్?"

"రాయరా నాయనా."

"మీటరు చదివి వినిపించమంటారా? ఈడ బాగానే ఉండాది."

"పంతొమ్మిది మోటర్లు, ఒక ట్రాన్స్‌ఫార్మర్, పొద్దున నూట అరవై ఎనిమిది. రెండో ట్రాన్స్‌ఫార్మర్ కావాల. రాయి."

రాసినాడు. గీతల మీద నుంచి అక్షరం కిందికి జారకుండా, నేను నేర్పినట్టే.

"కంప్లైంటు ఇచ్చినోళ్ల పేరు సార్?"

నోటి దాకా నా పేరే వచ్చింది. పేరుతో పాటు రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టరు అని కూడా వచ్చింది.

"కౌసల్యమ్మ అని రాయి," అన్నాను. "పదేండ్ల కింద తేదీ ఏసే వీలుంటే చూడు."

అంత వెనక్కి తేదీ వెయ్యడానికి లేదన్నాడు. ఆ రూలు కూడా నేను నేర్పిందే.